డీఆర్ఎల్‌లో ఎల్ఈడీ వేసే ముందు

చి. అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

కుడివైపు డీఆర్ఎల్, అదే పగలు కూడా కారు ముందు వెలిగే దీపం, మాడిపోయిందనీ, ఎలాగూ మార్చాలి కాబట్టి రెండువైపులా తెల్లటి ఎల్ఈడీలు వేయించేస్తాననీ రాశావు. వేయించుకో, కాదనను. కానీ ఆ బల్బు వెనక కారు కంప్యూటరు ఒకటుంది, చుట్టూ రిఫ్లెక్టరు ఒకటుంది. రెండూ పాత బల్బు లెక్క ప్రకారం చేసినవే. కొత్తది ఆ రెండింటితోనూ సర్దుకుంటేనే ఉంచు. సర్దుకోకపోతే వైరింగులో ఏదో ఒకటి కలిపి ఎలాగోలా వెలిగిస్తానంటారు చూడు, ఆ పనికి మాత్రం ఒప్పుకోవద్దు. ఇంత ఉత్తరం రాస్తున్నది అందుకే.

ముందు ఇంజను ఆపి, బల్బు చల్లారాక బయటికి తీసి దాని అడుగున ఏం రాసుందో చూడు. మన దగ్గర ఫిలమెంటు ఉన్న ప్రతి బల్బునీ హాలోజన్ అనేస్తాం గానీ, డీఆర్ఎల్‌లో చాలా కార్లకి ఉండేది పి21డబ్ల్యూ అనే 21 వాట్ల మామూలు బల్బే. పార్కింగ్ లైటు కూడా అందులోనే ఉంటే పి21/5డబ్ల్యూ అని ఉంటుంది. అందులో 21 వాట్లది ఒకటి, 5 వాట్లది ఒకటి, రెండు ఫిలమెంట్లు. పక్కనుండే రెండు బుడిపెలు ఒకే ఎత్తులో ఉండవు, అదీ గుర్తు. కొన్ని యూరప్ కార్లకి హెచ్15 వస్తుంది. 55 వాట్ల హైబీమూ 15 వాట్ల డీఆర్ఎలూ ఒకే బల్బు. డాలస్‌లో మీ అక్క నడిపేలాంటి పాత హోండాలు, టొయోటాల్లో చాలావాటికి హైబీమ్ బల్బునే కరెంటు తగ్గించి పగలు వెలిగిస్తారు. ఈ చివరి రెండు రకాలైతే ఎల్ఈడీ ఆలోచన వదిలెయ్యి. అక్కడ నువ్వు మారుస్తున్నది హెడ్‌లైటు అవుతుంది.

బల్బు తీసినప్పుడే హోల్డరు కూడా చూడు. ప్లాస్టిక్ గోధుమరంగుకి మాడిందా, లోపలి రేకుకి పచ్చటి చిలుము పట్టిందా, ఎర్త్ వైరు వదులైందా? వెలుగు మసకగా ఉందని వచ్చే బళ్ళలో చాలావాటికి జబ్బు ఇక్కడే ఉంటుంది, లేదా పసుపెక్కిన లెన్సులో ఉంటుంది. అలాంటి హోల్డర్లో ఎంత ఖరీదైన ఎల్ఈడీ పెట్టినా నాలుగు రోజులకి మినుకుతుంది.

ఇక అసలు చిక్కు కరెంటు దగ్గర. 21 వాట్ల బల్బు 12 వోల్టుల మీద 1.75 ఆంపియర్లు లాగుతుంది. 5 వాట్ల ఎల్ఈడీ అర ఆంపియరు కూడా లాగదు. ఈ కాలపు కార్లలో కంప్యూటరు ప్రతి బల్బు ఎంత లాగుతోందో చూస్తూ ఉంటుంది. తక్కువ లాగితే మాడిపోయిందనుకుని మీటర్లో బల్బు గుర్తు వెలిగిస్తుంది, కొన్ని కార్లలో ఆ లైనే ఆపేస్తుంది. లైటు ఆపి ఉన్నప్పుడు కూడా బల్బు ఉందో లేదో చూడటానికి చిన్న చిన్న పల్సులు పంపుతుంది. ఫిలమెంటు వాటికి వేడెక్కదు కాబట్టి మనకు తెలియదు, ఎల్ఈడీ మాత్రం తళుక్కుమంటుంది. వెలుగు తగ్గించాల్సి వచ్చినప్పుడు కూడా కంప్యూటరు వోల్టేజీ తగ్గించదు, సెకనుకి ఎన్నోసార్లు ఆపి ఆపి కరెంటు ఇస్తుంది. స్విచ్చి ఆపినా ఫ్యాను రెక్కలు కాసేపు తిరిగినట్టు, ఫిలమెంటు ఆ వేడి మీద వెలుగుతూనే ఉంటుంది. ఎల్ఈడీకి ఆ ఓపిక లేదు, ఆపినప్పుడల్లా ఆరుతుంది, అదరుతూ కనిపిస్తుంది.

దీనికి షాపులో చెప్పే మందు లోడ్ రెసిస్టరు, అంటే ఎల్ఈడీ పక్కన కలిపి, కంప్యూటరుని నమ్మించడానికి అదనంగా కరెంటు లాగించే వస్తువు. బంగారు రంగు అల్యూమినియం ఒంటితో, 50 వాట్లు 6 ఓమ్‌లు అని రాసి ఉంటుంది. లెక్క నువ్వే వెయ్యి. ఇంజను నడుస్తుంటే లైనులో దాదాపు 14 వోల్టులుంటాయి. 6 ఓమ్‌ల మీద అది 2.3 ఆంపియర్లు, అంటే సుమారు 33 వాట్లు. ఆ 33 వాట్లూ వేడే, ఒక్క చుక్క వెలుగు లేదు. ఎల్ఈడీ 5 వాట్లు కలిపితే 38, తీసేసిన బల్బు లాగింది 21. కరెంటు ఆదా అన్నమాట అక్కడితో పోయింది. అంతకన్నా ముఖ్యం, ఈ రెసిస్టర్లు ఇండికేటర్లకి అలవాటైన వస్తువు. ఇండికేటరు మలుపు దగ్గర కాసేపు వెలిగి ఆరి ఊరుకుంటుంది. డీఆర్ఎల్ ఇంజను నడిచినంతసేపూ వెలుగుతుంది. హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా ఆ రెసిస్టరు కాలుతూనే ఉంటుంది. దాన్ని రేకుకి బోల్టు వేసి బిగించకపోతే నీళ్ళు మరిగే వేడి దాటుతుంది. మా ఆటోనగర్లో షెడ్డుకి వచ్చిన బళ్ళలో దాన్ని వైర్ల కట్టకే టేపు చుట్టి వదిలేసినవి చూశాను. ఇన్సులేషను కరిగి రాగి బయటపడింది, బంపరు లోపలివైపు మెత్తబడి వంగింది. ఫ్యూజు పోకుండానే ఇదంతా జరుగుతుంది, ఎందుకంటే ఫ్యూజుకి అది మామూలు లోడే. కాబట్టి డీఆర్ఎల్‌కి రెసిస్టరు వద్దు. ఎవరు చెప్పినా వద్దు.

క్యాన్‌బస్ బల్బులని అమ్మేవాటిలో ఆ రెసిస్టరే బల్బు ఒంట్లో ఉంటుంది. వైరు కోయక్కర్లేదు, అది మంచిదే. కానీ ఆ వేడంతా మూసి ఉన్న లైటు డబ్బాలోనే తిరుగుతుంది, ఎల్ఈడీ ఆయుష్షు తినేదే వేడి. మే నెలలో మన ఎండలకి బానెట్ కింద పరిస్థితి చెప్పక్కర్లేదు. కొనేటప్పుడు అల్యూమినియం ఒళ్ళు, లోపల కరెంటుని నిలకడగా ఉంచే డ్రైవరు ఉన్నది తీసుకో. వోక్స్‌వ్యాగన్, స్కోడాల్లో చాలావాటికి ఆ బల్బు తనిఖీని కారు కంప్యూటరుకి తగిలించే స్కానరుతో ఆపే వీలుంది. నీ కారుకి అది కుదిరితే రెసిస్టరు కన్నా అదే శుభ్రమైన దారి.

వెలుగు గురించి అట్ట మీద వేల ల్యూమెన్లు అని రాస్తారు, పట్టించుకోకు. పి21డబ్ల్యూ ఇచ్చేది 460 ల్యూమెన్లు, రిఫ్లెక్టరు ఆ చిన్న ఫిలమెంటు ఉన్న చోటుని బట్టి కోసింది. ఎల్ఈడీ చిప్పులు ఆ చోటుకి ఎంత దగ్గరగా ఉంటే అంత మేలు. యూరప్ నిబంధనల్లో డీఆర్ఎల్ తిన్నగా ఎదురుకి 400 నుంచి 1200 క్యాండెలాలు (ఒక దిక్కుకి పడే వెలుగు కొలత) ఇవ్వాలి. కనీసం ఒక్కటే కాదు, గరిష్ఠం కూడా పెట్టారు. ఎదుటివాడు మన బండిని గమనించాలి, కళ్ళు మూసుకోకూడదు. రంగు 5000 కెల్విన్ దాటనివ్వకు, నీలం ఛాయ అసలొద్దు. బండికి అనుమతి లేని మార్పులు చేస్తే మోటారు వాహనాల చట్టం 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకి ఐదు వేల రూపాయల జరిమానా ఉంది, జైలు శిక్ష మాటా ఉంది. సాకెట్లోంచి తీసి మళ్ళీ పాతది పెట్టగలిగేలా ఉండాలి నీ పని.

రెండు బల్బులూ ఒకేసారి మార్చు. వెనక రబ్బరు మూత పూర్తిగా పట్టకపోతే ఆ బల్బు నీ కారుకి పనికిరాదు, వానాకాలం లైటులో నీళ్ళు చేరతాయి. పెట్టాక హెడ్‌లైటు వేసి చూడు: డీఆర్ఎల్ ఆరాలి, లేదా స్పష్టంగా తగ్గాలి. రెండు ఫిలమెంట్ల బల్బు బదులు పెట్టే చౌకరకం ఎల్ఈడీలు రెండు స్థాయిల్లోనూ దాదాపు ఒకేలా వెలుగుతాయి, రాత్రి ఎదురొచ్చేవాళ్ళకి నరకం. ఇండికేటరు వేసి చూడు. కారు లాక్ చేసి చీకట్లో మినుకుతోందేమో చూడు. అరగంట నడిపాక మీటర్లో గుర్తు వచ్చిందా చూడు. వస్తే ఎల్ఈడీ తీసేసి, మంచి కంపెనీ 21 వాట్ల బల్బులు రెండు కొని పెట్టు. దానికి నామోషీ ఏమీ లేదు.

ఇంకొకటి, ఇది బల్బు కన్నా పెద్ద విషయం. డీఆర్ఎల్ వెలుగుతున్నప్పుడు చాలా కార్లలో వెనక లైట్లు వెలగవు. ముందు తెల్లగా ధగధగలాడుతుంటే హెడ్‌లైటు వేశామనే భ్రమ కలుగుతుంది. డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున విజయవాడ రోడ్డు మీద మంచులో అలా వచ్చే కార్లు నాకు తరచూ కనిపిస్తాయి. వెనకొచ్చే లారీ డ్రైవరుకి ఆ కారు లేనట్టే. ఎల్ఈడీ వేశాక ఈ పొరపాటుకి అవకాశం ఇంకా పెరుగుతుంది. మసక పడగానే, వాన పడగానే హెడ్‌లైటు స్విచ్చి నువ్వే వెయ్యి, ఆటో మోడ్‌ని నమ్ముకోకు, మంచులో చాలాసార్లు అది పగలే అనుకుంటుంది.

కొనే ముందు బల్బు అడుగున ఉన్న అక్షరాలూ, హోల్డరు లోపలా ఫొటోలు తీసి పంపు. హోల్డరు మాడి ఉంటే కప్లరుతో సహా ఇక్కణ్ణుంచే తెప్పించి పంపిస్తాను.

ఆశీస్సులతో,
మావయ్య