ముద్ద నోట్లో పెట్టుకోగానే చెమటలు.. షుగర్ పడిపోతున్నట్టేనా?

ప్రశ్న: నా వయసు 56. షుగర్ వచ్చి 15 ఏళ్లయింది. రెండేళ్లుగా మాత్రలతో పాటు ఇన్సులిన్ కూడా తీసుకుంటున్నా. ఏడాది నుంచి అన్నం తినడం మొదలుపెడితే చాలు.. నుదురు, తల, మెడ తడిసిపోతున్నాయి. కారం వల్లేమో అనుకుంటే పెరుగన్నం తిన్నా అంతే. షుగర్ డౌన్ అయిందేమోనని మా ఆవిడ వెంటనే గ్లూకోజ్ నీళ్లు కలిపి ఇస్తోంది. పెళ్లి భోజనాలకు వెళ్లడమే మానేశా. దీనికి మందు ఉందా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ముందు ఆ గ్లూకోజ్ నీళ్ల సంగతి చూద్దాం. చెమట పట్టిన ప్రతిసారీ షుగర్ పడిపోయిందనుకోవడం పొరపాటు. షుగర్ పడిపోయినప్పుడు సాధారణంగా భోజనం ఆలస్యమైన వేళ ఒళ్లంతా చెమట పడుతుంది. చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, విపరీతమైన ఆకలి వేస్తుంది. ఏదైనా తింటే కాసేపటికి తగ్గుతుంది. మీ విషయంలో అంతా తలకిందులుగా ఉంది. తినడంతోనే మొదలవుతోంది, అదీ మెడ పైభాగానికే. అయితే మీరు ఇన్సులిన్ తీసుకుంటున్నారు కాబట్టి ఊహతో తేల్చేయొద్దు. ఈ వారం చెమట పట్టిన ప్రతిసారీ, చెయ్యి కడిగి తుడుచుకుని, గ్లూకోమీటర్‌తో చూసి అంకె రాసిపెట్టుకోండి. 70 కంటే తక్కువ ఉంటే గ్లూకోజ్ తీసుకోవాల్సిందే. 160, 180 ఉన్నా గ్లూకోజ్ నీళ్లు తాగితే షుగర్ ఇంకా పెరుగుతుంది. మీకు అసలు ఇబ్బంది తెచ్చిపెట్టింది ఆ పెరిగిన షుగరే!

ఆవకాయ, పచ్చిమిర్చి తిన్నప్పుడు ఎవరికైనా చెమట పడుతుంది. మిరపలోని క్యాప్సైసిన్ నోట్లో వేడిని పసిగట్టే నాడులను ప్రేరేపిస్తుంది. ఒళ్లు వేడెక్కిందనుకుని శరీరం చెమట పట్టిస్తుంది. అది జబ్బు కాదు. పెరుగన్నానికీ చెమట పడుతోందంటే మాత్రం ఆలోచించాలి. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవారిలో లాలాజలం, చెమట, గుండె వేగం వంటివాటిని మన ప్రమేయం లేకుండా నడిపించే నాడులు దెబ్బతింటాయి. అప్పుడు నమలడం మొదలుపెట్టగానే లాలాజలంతో పాటు ముఖం మీద చెమట కూడా ఊరుతుంది. దీన్ని గస్టేటరీ స్వెటింగ్ అంటాం. చెవి ముందుండే లాలాజల గ్రంథికి ఆపరేషన్ అయినవారిలోనూ ఇలాంటిదే కనిపిస్తుంది. తెగిన నాడి తిరిగి పెరిగేటప్పుడు దారి తప్పి చర్మంలోని చెమట గ్రంథులకు అతుక్కుంటుంది. 1923లో దీన్ని వివరించిన పోలెండ్ వైద్యురాలు లూసియా ఫ్రే పేరుమీద ఫ్రే సిండ్రోమ్ అంటారు. కాకపోతే అది ఆపరేషన్ అయిన వైపు చెంపకే పరిమితం.

మీలాంటి ఇబ్బందితో ఎవరు వచ్చినా నేను మొదట చెప్పులు విప్పమంటాను. ముఖమంతా చెమటతో తడిసే మనిషికి పాదాలు ఎండిపోయి, మడమలు పగిలి ఉండటం తరచూ చూస్తుంటాను. కాళ్లలో చెమట నాడులు పనిచేయకపోతే చర్మం ఎండి పగుళ్లిస్తుంది. మీకు దూది మీద నడిచినట్టుంటోందా? చెప్పు జారిపోయినా తెలియడం లేదా? అయితే పాదాల పరీక్ష వాయిదా వేయొద్దు. రోజూ రాత్రి అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోండి. ఈ రకం చెమట కిడ్నీలు దెబ్బతిన్నవారిలోనూ ఎక్కువ. కాబట్టి మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ చేయించుకోండి. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూడమని డాక్టర్‌ని అడగండి. లేచి నిలబడగానే బాగా పడిపోతుంటే నాడుల సమస్య ఇంకాస్త విస్తరించిందని అర్థం.

మందు ఉందా అని అడిగారు, ఉంది. గ్లైకోపైరోలేట్ పూతమందు చాలామందికి బాగా పనిచేస్తుంది. కళ్లకూ నోటికీ తగలకుండా నుదురు, మెడ మీద రాసుకోవాలి. రాసుకున్నాక చేతులు కడుక్కోవాలి. ఆ చేత్తో కన్ను నలిపితే పాప పెద్దదై చూపు మసకబారుతుంది. ఇదే మందు మాత్రగానూ దొరుకుతుంది గానీ నోరు ఎండిపోతుంది. ప్రొస్టేట్ ఇబ్బంది, గ్లకోమా ఉంటే ముందే చెప్పండి. వీటితో తగ్గకపోతే చర్మవైద్యులు బొటాక్స్ ఇంజెక్షన్లు ఇస్తారు, కొన్ని నెలలు ఉపశమనం ఉంటుంది. ఏ పదార్థానికి ఎక్కువ పడుతోందో గమనించుకుంటే దాన్ని తగ్గించుకోవచ్చు. చెమట పడుతుందని భోజనం మాత్రం మానొద్దు. ఇన్సులిన్ వేసుకుని తినకపోతే అప్పుడు నిజంగానే షుగర్ పడిపోతుంది. పెళ్లిళ్లకు వెళ్లండి, జేబులో చేతిరుమాలు పెట్టుకుని ఫ్యాను కింద కూర్చోండి. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఒక్క సందర్భంలో మాత్రం ఇవేవీ ఆలోచించొద్దు. చల్లటి చెమటలతో పాటు ఛాతీలో బిగుతు, ఆయాసం, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, కళ్లు తిరగడం.. వీటిలో ఏది ఉన్నా గ్యాస్ అనుకుని సోడా తాగుతూ కూర్చోవద్దు. షుగర్ ఉన్నవారికి గుండెపోటు నొప్పి లేకుండానూ రావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి, ఈసీజీ తీయించుకోండి.