అడుగులకు ముందే అరిసెలా?

ప్రశ్న: మా పాపకు 26 నెలలు. ఎదుగుదల ఆలస్యమని వైద్యులు చెప్పారు. గత వారం గోడ పట్టుకొని తనంతట తానే నిలబడింది. అరిసెలు పంచుదామంటే మా అత్తగారు "నడవనీ, అప్పుడు చూద్దాం" అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అరిసెలు అడుగులకే ఉంచి, ఇప్పుడు పాయసం వండండి; అత్తగారి మాటా నెగ్గుతుంది. బోర్లాపడితే బొబ్బట్లు, గడప దాటితే గారెలు అన్న మన పెద్దలు ఇలాంటి వేడుకలకు నెలల గడువు పెట్టలేదు. అయితే, ఒక్కసారిగా చప్పట్లు కొడితే కొందరు పిల్లలు ఉలిక్కిపడి కూలబడతారు కనుక, ఎదురుగా కూర్చొని మెల్లగా మెచ్చుకోండి. ఏ తేదీన, ఎంతసేపు, ఏ కాలిపై ఎక్కువ బరువు మోపి నిలబడిందో నోటుపుస్తకంలో రాసిపెడితే ఫిజియోథెరపిస్టుకు అది ఎంతో ఉపయోగపడుతుంది. వచ్చిన విద్య ఏదైనా మళ్లీ పోయినట్లు కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా వైద్యులకు చూపించండి.