టెక్స్ట్ బాక్స్ నుంచి మొదలుపెట్టు, తల్లీ

తల్లీ,

నువ్వు పంపిన ప్రోగ్రాం రాత్రి నడిపి చూశాను. మన పిల్ల సొంతంగా రాసిన ప్రోగ్రామింగ్ భాషలో విండో తెరుచుకుని, బటన్ నొక్కితే అంకె పెరుగుతుంటే పదిసార్లు నొక్కాను. మీ నాన్నకు అప్పుడే ఫోన్ చేసి చెప్పాను కూడా. ఇదే భాషతో విండోస్, మ్యాక్, లినక్స్, ఆండ్రాయిడ్ నాలుగింటిలోనూ నడిచే స్క్రీన్లు కట్టాలని ఉందన్నావు. ఒకప్పుడు నేనూ ఆ పనిలో తలదూర్చినవాణ్ణే కాబట్టి, నాకు తెలిసింది రాస్తున్నాను.

తర్వాత స్లైడర్లు, మెనూలు, డార్క్ థీమ్ చేస్తానని రాశావు. అవి కొన్నాళ్లు ఆగనీ. ముందు టెక్స్ట్ బాక్స్ కట్టు. కట్టి, అందులో ‘లక్ష్మి’ అని టైప్ చేసి చూడు. కంటికి రెండే అక్షరాలు. అన్ని లిపుల అక్షరాలకూ కంప్యూటర్ సంకేతాలిచ్చే యూనికోడ్‌లో మాత్రం ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి, మొత్తం 7 సంకేతాలు. వాటిని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి 3 బైట్లు. నీ భాషలో ఆ మాట పొడవెంతని అడిగితే 21 అని చెప్పింది. ఆ జవాబు తప్పని కాదు గానీ, కర్సర్ ఎక్కడ ఆగాలో దాన్నిబట్టి తేల్చలేవు. బాణం కీ నొక్కితే కర్సర్ ‘క్ష్మి’ మొత్తాన్ని ఒక్క అడుగులో దాటాలి. బ్యాక్‌స్పేస్ నొక్కితే మాత్రం చివరి గుడి ఒక్కటే పోవాలి. గుడి బదులు దీర్ఘం పడితే అక్షరమంతా మళ్లీ కొట్టే ఓపిక ఎవరికుంటుంది? క్ష లాంటి సంయుక్తాక్షరాన్ని ఒకే ముక్కగా చూడాలన్న నియమం యూనికోడ్‌లోకి 2023లో, 15.1 వెర్షన్‌తో వచ్చింది. అక్షరాలు విడగొట్టడానికి నువ్వు వాడే లైబ్రరీ, అంటే వేరేవాళ్లు రాసిపెట్టిన కోడ్, అంతకంటే పాతదైతే క్ దగ్గరే విరిచేస్తుంది, చూసుకో.

ఇది చిన్న విషయం కాదమ్మా. 2018 ఫిబ్రవరిలో, మధ్యలో కంటికి కనపడని సంకేతం ఒకటి ఉన్న ‘జ్ఞా’ అనే ఒక్క తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు మూతపడ్డాయి. యాపిల్ ఆ నెలలోనే ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిచేసింది. అంత పెద్ద సంస్థకే తప్పలేదు.

నా సంగతీ చెప్పాలి. నేను బిల్లుల స్క్రీన్ల కోసం ఓ చిన్న భాష రాసుకుని, అక్షరాలు గీసే పని కూడా నేనే చేశాను. ఒక్కో సంకేతానికి ఒక్కో బొమ్మ, పక్కపక్కన పెట్టుకుంటూ పోవడమే. గుంటూరులో ఒక మిర్చి కమిషన్ కొట్టుకు తీసుకెళ్తే, అక్కడి గుమస్తా గారు రైతు పేరు తెలుగులో కొట్టారు. వత్తులు కిందికి పోకుండా పక్కకు వచ్చి కూర్చున్నాయి. ఆయన ఏమీ అనలేదు, మళ్లీ పుస్తకం తీసి చేత్తో రాసుకున్నారు. ఆరు నెలలు కష్టపడి చేసిన బటన్ల అందం ఆ రోజు దేనికీ పనికి రాలేదు.

అందుకని అక్షరాల పేర్పు, అంటే వత్తులూ గుణింతాలూ ఎక్కడ కూర్చోవాలో తేల్చే పని, హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీకి వదిలెయ్యి. ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీస్ అన్నీ వాడేది దాన్నే. ఆ అక్షరాల బొమ్మలు గీయడానికి ఫ్రీటైప్ అనే లైబ్రరీ ఉంది. ఇంకొకటి, కీ నొక్కడం వేరు, టెక్స్ట్ రావడం వేరు. ఏ కీ నొక్కారో చూసి అక్షరం నువ్వే తయారు చెయ్యకు. ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే టెక్స్ట్ ఈవెంటే తీసుకో, లేకపోతే ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే ఫోనెటిక్ కీబోర్డు వాడేవాళ్లు ఒక్క ముక్క కూడా టైప్ చెయ్యలేరు.

ఇక బటన్లు సిస్టమ్‌వి వాడాలా, నువ్వే గీయాలా అని అడిగావు. ఇది పాత తగవే. జావా భాష మొదట ఏడబ్ల్యూటీ అనే స్క్రీన్ల కిట్‌లో సిస్టమ్ బటన్లే వాడింది, ఒక్కోచోట ఒక్కోలా ప్రవర్తించడంతో తర్వాత స్వింగ్ అనే కిట్‌లో అన్నీ తానే గీసుకుంది. గూగుల్ వారి ఫ్లట్టర్ కిట్‌దీ గీసుకునే దారే. ఒంటరిగా చేసేదానివి, నాలుగు సిస్టమ్‌ల తేడాలు మొయ్యలేవు, కాబట్టి నువ్వూ గీసుకో. అయితే గీసుకున్న బటన్, స్క్రీన్ మీద ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు కనపడదు. చూపు లేని మనిషికి నీ యాప్ ఒక ఖాళీ పలక. యాక్సెస్‌కిట్ అనే లైబ్రరీ ఆ పని కోసమే ఉంది, మొదటి నుంచే కలుపుకో. చివర్లో చేద్దామనుకుంటే ఎప్పటికీ చెయ్యం.

నీ భాషను నడిపే ఇంటర్‌ప్రెటర్‌లో రెండు చోట్ల నాకు భయం వేసింది. ఒకటి, బటన్‌కు ఇచ్చిన ఫంక్షన్‌ను సీ భాషలో రాసిన వైపు దాచుకుంటున్నావు గానీ, అది ఇంకా వాడుకలో ఉందని, వాడని మెమరీని ఖాళీ చేసే గార్బేజ్ కలెక్టర్‌కు చెప్పడం లేదు. కాసేపు బాగానే నడిచి, ఎప్పుడో బటన్ నొక్కగానే కూలిపోతుంది. రెండు, గీసే పనంతా, కీ నొక్కడం, మౌస్ కదపడం లాంటి వాటి కోసం కాచుకుని తిరిగే నీ ఈవెంట్ లూప్ లోపలే ఉంది. విండోస్‌లో విండో అంచు పట్టుకుని లాగుతున్నంతసేపూ సిస్టమ్ తన లూప్ తాను నడుపుకుంటుంది, నీ లూప్‌కు వంతు రాదు, స్క్రీన్ బిగుసుకుపోతుంది. గీయడాన్ని విడి ఫంక్షన్ చేసి, సిస్టమ్ ఎప్పుడు పిలిచినా పలికేలా పెట్టు. రేపు బ్రౌజర్‌లోకి తీసుకెళ్లాలన్నా అదే కావాలి, అక్కడ లూప్‌ను పట్టుకుని కూర్చోనివ్వరు.

భాష సంగతికొస్తే, వ్యాకరణం నచ్చింది, దాన్ని ఇంకా పెంచకు. సీ వైపు ఉన్న సరిహద్దును మాత్రం చిన్నగా, శుభ్రంగా ఉంచు. జాన్ ఔస్టర్‌హౌట్ 1988లో టికిల్ అనే చిన్న భాష మొదలుపెట్టి, దానికి తోడుగా టీకే అనే స్క్రీన్ల కిట్ రాశాడు. పైథాన్‌లో టీకింటర్ వాడి విండో తెరిచావనుకో, లోపల ఇప్పటికీ టికిల్ ఇంటర్‌ప్రెటరే నడుస్తుంది. ఇంకో భాషలో ఇమడడానికి వీలుగా కట్టాడు కాబట్టే అది సాధ్యమైంది. నీ కిట్‌ను కూడా ఎవరైనా తమ భాషలోంచి పిలుచుకునేలా కట్టు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ల్యాప్‌టాప్ మర్చిపోకు. నా పాత విండోస్ మెషిన్ తుడిచి పెడతాను. అప్పటికి టెక్స్ట్ బాక్స్ ఒక్కటి నిలబడితే చాలు, పెద్దమ్మ చేత ఇంటి సరుకుల జాబితా కొట్టించి చూద్దాం.

ఆశీస్సులతో,
పెదనాన్న