బోటు లెక్కల యాప్ చేస్తున్న మేనకోడలికి

చిరంజీవి లక్ష్మికి మావయ్య ఆశీస్సులు.

బోటు లెక్కలకు నువ్వే యాప్ చేస్తున్నావని మీ అమ్మ చెప్పగానే సంబరపడ్డాను. ఆ రాత్రి అంతే టెన్షన్ కూడా పడ్డాను. బీకాం చదివిన పిల్ల ఏఐని తెలుగులో అడిగి సాఫ్ట్‌వేర్ చేయించుకుంటోంది! దీనికి 2025 ఫిబ్రవరిలో ఏఐ పరిశోధకుడు ఆండ్రే కర్పతీ ‘వైబ్ కోడింగ్’ అని పేరు పెట్టాడు. మా రోజుల్లో ఫాక్స్‌ప్రో అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడానికే నెలలు పట్టేది.

డీజిలు, ఐసు, రేషను ఖర్చు తీసేశాకే బోటు మీద పనిచేసే కలాసీల వాటాలు కట్టాలని ఫిషింగ్ హార్బర్‌లో పెరిగిన నీకు తెలుసు. మీ నాన్న అరుగు మీద కూర్చోబెట్టి ఆ కూడికలు చేయించేవాడు, ఒక్కటీ తప్పేదానివి కాదు. ఏఐకి అవి నువ్వు చెప్పాలి. చెప్పకపోతే తోచినట్టు రాసేస్తుంది.

పాస్‌వర్డ్‌లు కోడ్‌లో పెట్టకు. రోజూ బ్యాకప్ తియ్యి. అసలు డేటా మీద ఏఐని చెయ్యి వేయనివ్వకు. 2025 జూలైలో అమెరికాలో ఒక ఏఐ ఏజెంట్ (తనంతట తానే పనులు చేసే ఏఐ), ఏమీ మార్చొద్దన్నా వినకుండా కంపెనీ డేటాబేస్‌నే తుడిచేసింది.

నా భయం మాత్రం వేరు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఆఫీసులో, జీతం స్లిప్పు ప్రింటయినప్పుడే అడ్వాన్సు కోత కూడా పడేలా ప్రోగ్రామ్ ఉండేది. ఒక నెల డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంది. గుమాస్తా దాన్ని లాగేసి మళ్ళీ ప్రింట్ కొట్టాడు. కోత రెండోసారి పడింది. ఒక పెద్దాయన, నెలనెలా ఎంత కట్టాడో పెన్సిలుతో రాసుకున్న నోట్‌బుక్ పట్టుకుని కౌంటర్ దగ్గరికొచ్చాడు. ‘కంప్యూటర్ తప్పు చెప్పదు’ అని పంపించేశారు. ఆయన కాళ్ళరిగేలా తిరిగితే గానీ ఎవరూ ప్రోగ్రామ్ తెరిచి చూడలేదు. డబ్బు వచ్చిందిలే, ఈలోగా కూతురి ఫీజుకి వడ్డీకి అప్పు తెచ్చుకున్నాడు.

సిగ్నల్ అందక ‘సేవ్’ రెండుసార్లు నొక్కితే నీ యాప్‌లో ఏమవుతుందే? ప్రతి ఎంట్రీకీ విడి నంబరు ఉండాలి, అదే నంబరు మళ్ళీ వస్తే తీసుకోకూడదు అని ఏఐకి చెప్పు. చెప్పి ఊరుకోకు. ఫోన్లో డేటా ఆపి నొక్కి చూడు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. బోట్లు కట్టేసి ఉండే ఆ 61 రోజుల్లో, నిరుటి ఖాతాలోని ట్రిప్పులన్నీ యాప్‌లో వేసి రూపాయి తేడా లేకుండా సరిచూడు. తేడా వచ్చాక ఏఐ ‘సరిచేశాను’ అంటే నమ్మేయకు, మళ్ళీ మొదటి ట్రిప్పు నుంచి వెయ్యి. వాటా ఎలా వచ్చిందని కలాసీ అడిగితే నోటితో చెప్పగలగాలి. అందాకా దాన్ని హార్బర్‌కి తీసుకెళ్ళకు.

తిడుతున్నాననుకోకమ్మా. ఆదివారం ఖాతా పుస్తకాలు తీసుకుని గాజువాక వచ్చెయ్. కావాలని తప్పుగా నొక్కి చూసేవాళ్ళు ఒకరు కావాలి, ఆ పని నాది.

మీ మావయ్య