చలి చివరి వారాల్లో బ్రిటన్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

జనవరి నెలాఖరు నుంచి మార్చి మొదటి వారం వరకు బ్రిటన్‌లో చూడదగ్గవాటి గురించి పాఠకులు చాలా ప్రశ్నలు పంపారు. ఒకే రకంగా ఉన్నవాటిని కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: పాన్‌కేక్ డే ఒక్కో ఏడాది ఒక్కో తేదీన వస్తోంది. ఆఫీసులో సెలవు ముందే పెట్టుకోవాలంటే తేదీ ఎలా తెలుస్తుంది? (రెడింగ్ నుంచి)

దీనికి ఆధారం ఈస్టర్. చర్చి లెక్కలో మార్చి 21న గానీ, ఆ తర్వాత గానీ వచ్చే పౌర్ణమి దాటాక మొదటి ఆదివారం ఈస్టర్ అవుతుంది. అక్కడి నుంచి 47 రోజులు వెనక్కి వెళ్తే వచ్చే మంగళవారమే ష్రోవ్ ట్యూస్‌డే, అంటే మీరడిగిన పాన్‌కేక్ డే. ఫిబ్రవరి 3 కంటే ముందు రాదు, మార్చి 9 దాటదు. 2027లో ఫిబ్రవరి 9న, 2028లో ఫిబ్రవరి 29న వస్తుంది. ప్రభుత్వ సెలవు కాదు కాబట్టి సెలవు పెట్టుకోక తప్పదు.

ఈ లెక్కతోనే ఇంకొకటి కూడా తెలుస్తుంది. బ్రిటన్‌లో మదర్స్ డే మే నెలలో రాదు, ఈస్టర్‌కు సరిగ్గా మూడు వారాల ముందు ఆదివారం వస్తుంది. 2027లో అది మార్చి 7. ఇండియా క్యాలెండర్ చూసుకుని మే దాకా ఆగేవాళ్లు చాలామంది ఉన్నారు. స్కూళ్ల హాఫ్ టర్మ్ (టర్మ్ మధ్యలో వచ్చే సెలవులు) ఇంగ్లండ్‌లో సాధారణంగా ఫిబ్రవరి మధ్యలో ఒక వారం ఉంటుంది కానీ, ప్రాంతాన్ని బట్టి వారం మారుతుంది. మీ స్కూలు క్యాలెండర్ చూశాకే టికెట్లు కొనండి.

ప్రశ్న: దోసెలు బాగానే వస్తాయి గానీ ఇక్కడి పాన్‌కేక్ మాత్రం కుదరడం లేదు. ఒకసారి పెనానికి అతుక్కుంటుంది, ఒకసారి రబ్బరులా సాగుతుంది. (లీడ్స్ నుంచి)

దోసె అలవాటే ఇక్కడ అడ్డొస్తోంది. దోసె పిండిని గరిటెతో తిప్పి పరుస్తాం. ఈ పిండిని గరిటె తాకకూడదు, పెనాన్నే చేత్తో పట్టుకుని వంచుతూ పిండిని పారించాలి.

కొలతలివి: 100 గ్రాముల ప్లెయిన్ ఫ్లోర్ (మైదా), 2 గుడ్లు, 300 మిల్లీలీటర్ల పాలు, ఒక టేబుల్ స్పూన్ నూనె, చిటికెడు ఉప్పు. 20 సెంటీమీటర్ల పెనం మీద ఎనిమిది, తొమ్మిది వస్తాయి. సెల్ఫ్ రైజింగ్ ఫ్లోర్ (బేకింగ్ పౌడర్ కలిపి అమ్మే మైదా) వాడితే ఉబ్బి మందంగా వస్తాయి, ఇక్కడ పలచని పాన్‌కేకే వాడుక. పిండి మధ్యలో గుంట చేసి గుడ్లు కొట్టి పోసి, పాలు కొద్దికొద్దిగా పోస్తూ కలపండి. పాలన్నీ ఒకేసారి పోస్తే ఉండలు కడతాయి. ఉండలు పోయాక ఇక గిలకొట్టకండి. ఎక్కువ గిలకొడితే మైదాలోని గ్లూటెన్ సాగుతుంది, మీరు చెప్పిన రబ్బరు గుణం దాన్నుంచే వస్తుంది. కలిపిన పిండిని అరగంట పక్కన పెడితే ఆ సాగుడు తగ్గుతుంది.

పెనం మధ్యస్థపు మంట మీద బాగా కాలాలి. నూనెలో ముంచిన కిచెన్ పేపర్‌తో తుడిచినట్టు రాస్తే చాలు. సుమారు 50 మిల్లీలీటర్ల పిండి పోసి వెంటనే పెనాన్ని తిప్పండి. అంచులు లేచి, అడుగున బంగారు రంగు చుక్కలు కనిపించడానికి 45 సెకన్ల నుంచి నిమిషం పడుతుంది. రెండో వైపుకు తిప్పాక అరనిమిషం చాలు. మొదటిది అతుక్కుంటే పెనం ఇంకా కాలలేదన్నమాట. పైన పంచదార చల్లి నిమ్మరసం పిండుకుని, చుట్టి, వేడిగా ఉండగానే తినాలి. సిరప్, చాక్లెట్ వేసుకునేవాళ్లూ ఉన్నారు గానీ, నిమ్మకాయ పులుపుకు సాటి రావు.

గుడ్డు తినని ఇళ్లలో 125 గ్రాముల పిండి, ఒక టేబుల్ స్పూన్ కార్న్‌ఫ్లోర్, అర టీస్పూన్ బేకింగ్ పౌడర్, 275 మిల్లీలీటర్ల పాలతో ప్రయత్నించండి. గుడ్డు లేనప్పుడు తేలిగ్గా చిరుగుతాయి కాబట్టి చిన్నవిగా పోసి, రెండో వైపుకు గరిటెతోనే తిప్పండి. గాల్లోకి ఎగరేయడం గుడ్డు వేసినవాటికే కుదురుతుంది.

ప్రశ్న: ష్రోవ్ ట్యూస్‌డే రోజు ఊరంతా ఆడే ఫుట్‌బాల్ ఉందట, పాన్‌కేక్ పట్టుకుని పరిగెత్తే పందెమూ ఉందట. ఆరేళ్ల పిల్లతో దేనికి వెళ్లవచ్చు? (నాటింగ్‌హామ్ నుంచి)

ఆరేళ్ల పిల్లతో అయితే పందేనికే వెళ్లండి. బకింగ్‌హామ్‌షైర్‌లోని ఓల్నీ అనే చిన్న ఊళ్లో జరుగుతుంది. 1445లో మొదలైందని అక్కడి నానుడి. ఆ ఊరి ఆడవాళ్లు స్కర్టు, ఏప్రన్, తలగుడ్డతో, చేతిలో పెనంతో మార్కెట్ ప్లేస్ నుంచి చర్చి వైపు 415 గజాలు పరిగెత్తుతారు. 1950 నుంచి అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో లిబరల్ అనే ఊరు కూడా అదే రోజు పరిగెత్తి, సమయాలు పోల్చుకుంటోంది. అసలు పరుగు మధ్యాహ్నం పన్నెండుకు కాస్త ముందు మొదలై నిమిషం, నిమిషంన్నరలో అయిపోతుంది. పదకొండుకల్లా దారి పక్కన చోటు చూసుకోకపోతే వీపులే కనిపిస్తాయి. ఓల్నీకి రైల్వే స్టేషన్ లేదు. మిల్టన్ కీన్స్‌లో గానీ బెడ్‌ఫర్డ్‌లో గానీ దిగి రోడ్డు దారిన వెళ్లాలి.

ఇక ఫుట్‌బాల్ డెర్బీషైర్‌లోని యాష్‌బోర్న్‌ది. ష్రోవ్ ట్యూస్‌డే, మర్నాడు యాష్ వెన్స్‌డే, రెండు రోజులూ మధ్యాహ్నం రెండింటికి మొదలవుతుంది, రాత్రి పది దాకా సాగవచ్చు. ఊరి మధ్య హెన్‌మోర్ వాగుకు ఉత్తరాన పుట్టినవాళ్లు అప్పర్డ్స్, దక్షిణాన పుట్టినవాళ్లు డౌనర్డ్స్. రెండు గోల్స్ మధ్య దూరం సుమారు మూడు మైళ్లు. అప్పర్డ్స్ స్టర్స్టన్‌లో, డౌనర్డ్స్ క్లిఫ్టన్‌లో, అక్కడ నిలబెట్టిన తిరగలి రాయికి బంతిని మూడుసార్లు తాకిస్తే గోల్. బంతి లోపల గాలి ఉండదు, బెండు ముక్కలు కూరతారు. ఆట ఎక్కువసేపు వాగులోనే జరుగుతుంది కాబట్టి అది మునగకూడదు. బంతిని వాహనంలో ఎక్కించకూడదు, కోటు కింద దాచకూడదు, చర్చి ఆవరణలోకి, స్మశానంలోకి వెళ్లకూడదు. హత్య చేయకూడదన్నది కూడా నియమాల్లో ఉంది! 1928లో నాటి వేల్స్ యువరాజు వచ్చి బంతి విసిరాక పేరులో రాయల్ అన్న మాట చేరింది.

చూడ్డానికి టికెట్ లేదు. ప్రమాదమంతా గుంపు కదలికలో ఉంది. వందల మంది ఒకరినొకరు తోసుకుంటూ బంతి చుట్టూ ఆవిర్లు కక్కుతూ నిలబడిపోతారు. పది నిమిషాలు కదలరు, ఒక్కసారిగా ఎటో దూసుకొస్తారు. దుకాణాలకు చెక్కలు బిగించేది అందుకే. గుంపుకూ గోడకూ మధ్య ఎప్పుడూ నిలబడకండి, తప్పుకునే సందు వెనకాల ఉండేలా చూసుకోండి. కారు ఊరి మధ్యలో పెట్టకండి. పిల్లతో వెళ్లాలనే ఉంటే షా క్రాఫ్ట్ కార్ పార్కులో రెండింటికి బంతి పైకి విసరడం వెనక నుంచి చూసి, గుంపు కదలగానే బయల్దేరండి. పిల్లను కూర్చోబెట్టి తోసే బండి (పుష్‌చైర్) మాత్రం వద్దు.

ప్రశ్న: సెవిల్ ఆరెంజ్ మార్మలేడ్ (చేదు నారింజ తొక్కల జామ్) చేశాను. నెల దాటినా నీళ్లలాగే ఉంది, తొక్కేమో గట్టిగా ఉంది. పంచదార తక్కువైందా? (లెస్టర్ నుంచి)

మీరు చెప్పిన రెండు లక్షణాలూ ఒకే తప్పు నుంచి వచ్చినవి. తొక్క మెత్తబడకముందే పంచదార వేసి ఉంటారు. పంచదార పడ్డాక తొక్క ఇక మెత్తబడదు, ఎంతసేపు ఉడికించినా అంతే. తొక్క సరిగా ఉడకకపోతే గట్టిపడడానికి కావాల్సిన పెక్టిన్ కూడా నీళ్లలోకి దిగదు.

ఈ చేదు నారింజలు జనవరిలో వచ్చి ఫిబ్రవరి తొలి వారాలకల్లా అయిపోతాయి. కిలో పళ్లకు ఒక నిమ్మకాయ, రెండున్నర లీటర్ల నీళ్లు, రెండు కిలోల పంచదార. రసం పిండి, గింజలు, లోపలి తెల్ల పొర పలచటి బట్టలో మూట కట్టండి. పెక్టిన్ ఎక్కువగా ఉండేది ఆ మూటలోనే, పారేయకండి. తొక్క సన్నగా తరిగి, మూటతో సహా రసంలో, నీళ్లలో రాత్రంతా నాననివ్వండి. పొద్దున సన్నని మంట మీద రెండు గంటలు ఉడికించాలి. గడియారం కంటే వేళ్లను నమ్మండి: ఒక ముక్క తీసి చల్లార్చి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కితే అడ్డు లేకుండా నలిగిపోవాలి. నీళ్లు కూడా దాదాపు సగానికి తగ్గి ఉండాలి. మూట చల్లారాక గట్టిగా పిండితే జారుడుగా, చిక్కగా ఒక ద్రవం వస్తుంది. అదంతా గిన్నెలోకే.

అప్పుడు పంచదార వేసి, సన్నని మంట మీద పూర్తిగా కరిగాకే మంట పెంచండి. కరగని పలుకు మిగిలితే తర్వాత స్ఫటికాలు కడుతుంది. గిన్నె సగానికి మించి నిండకూడదు, పొంగు చాలా ఎత్తుకు లేస్తుంది. పదిహేను, ఇరవై నిమిషాలు తెర్లుతూ ఉడికి 104.5 డిగ్రీల సెల్సియస్ చేరితే పాకం వచ్చినట్టే. థర్మామీటర్ లేకపోతే ఫ్రీజర్‌లో పెట్టిన పింగాణీ పళ్లెం మీద ఒక చుక్క వేసి, నిమిషం ఆగి వేలితో నెట్టండి. పైన ముడతలు పడాలి. ఈ పరీక్ష చేస్తున్నంతసేపూ మంట ఆపేయాలి, లేదంటే పాకం ముదిరిపోతుంది. దించాక పావుగంట ఆగి, ఒకసారి కలిపి సీసాల్లో పోయండి. ఆగకుండా పోస్తే తొక్కంతా పైకి తేలుతుంది. సీసాలు ఓవెన్‌లో వేడి చేసినవై ఉండాలి, చల్లని సీసా పగులుతుంది. 454 గ్రాముల సీసాలు సుమారు ఏడు నిండుతాయి.

ఇప్పుడున్నదాన్ని మళ్లీ మరిగించి గట్టిపరచవచ్చు గానీ, తొక్క అలాగే ఉంటుంది. వడగట్టి తొక్క తీసేసి, పాకం మాత్రం మరిగించుకోండి. ఫిబ్రవరిలో తీరిక లేనివాళ్లు పళ్లను అలాగే ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు. పెక్టిన్ కొంత తగ్గుతుంది కాబట్టి ఆ పళ్లను పదో వంతు ఎక్కువ తీసుకోండి.

ప్రశ్న: చలికాలం చివర పూసే చిన్న తెల్ల పూలు, స్నోడ్రాప్‌లు ఎక్కడ, ఎప్పుడు చూడాలి? దుంపలు తెచ్చి నాటితే మొలవలేదు. (కేంబ్రిడ్జ్ నుంచి)

మీకు దగ్గర్లోనే ఆంగ్లసీ ఆబీ తోట ఉంది, వందల రకాలున్నాయి. నైరుతి వైపు వెళ్తే బర్క్‌షైర్‌లోని వెల్ఫర్డ్ పార్క్‌లో బీచ్ చెట్ల కింద నేలంతా తెల్లగా పరుచుకుని ఉంటాయి. స్కాట్లండ్‌లో ఫైఫ్ తీరాన కాంబో తోట ఉంది. జనవరి చివరి నుంచి ఫిబ్రవరి నెలాఖరు వరకు కాలం. శని, ఆదివారాల టికెట్లు ముందే అయిపోతుంటాయి. కొన్ని తోటలు ఏడాదిలో ఆ నాలుగైదు వారాలే తెరుస్తాయి.

దూరం నుంచి చూసి వచ్చేస్తే సగమే చూసినట్టు. ఎండ కాసి పది డిగ్రీలు దాటిన మధ్యాహ్నం బయటి మూడు రేకులు విచ్చుకుంటాయి. వంగి, పువ్వు తలను వేలితో మెల్లగా ఎత్తితే లోపలి పొట్టి రేకుల మీద ఆకుపచ్చ గుర్తు కనబడుతుంది. ఒక రకానికీ మరో రకానికీ తేడా చాలావరకు ఆ గుర్తులోనే ఉంటుంది. అదే సమయంలో సన్నటి తేనె వాసన కూడా వస్తుంది. బురదకు తగ్గ బూట్లు వేసుకోండి.

దుంపల సంగతి: శరదృతువులో అమ్మే ఎండు దుంపలు చాలావరకు లోపల ఎండిపోయి ఉంటాయి, మొలవవు. పూలు రాలాక, ఆకులు పచ్చగా ఉన్నప్పుడే పీకి అమ్మే మొక్కలు ఫిబ్రవరి, మార్చిలో కొనండి. ఆకు మొదట్లో తెల్లగా ఉన్న భాగం మట్టిలోకి పోయేంత లోతున వెంటనే నాటాలి. ఆకులు వాటంతటవి పసుపెక్కేదాకా కోయవద్దు. అడవిలోంచి పెళ్లగించి తేవడం మాత్రం వద్దు. భూమి యజమాని అనుమతి లేకుండా ఏ అడవి మొక్కనైనా పెరకడం 1981 నాటి వైల్డ్‌లైఫ్ అండ్ కంట్రీసైడ్ చట్టం కింద నేరం.

ప్రశ్న: స్కాట్లండ్‌కు ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవుల్లో పడవను తగలబెట్టే పండుగకు వెళ్లాలని ఉంది. మేమూ కాగడా పట్టుకోవచ్చా? (అబర్డీన్ నుంచి)

పట్టుకోలేరు. ‘అప్ హెలీ ఆ’ అనే ఈ పండుగ ఊరేగింపులో నడిచేవాళ్లు అక్కడి దళాల సభ్యులు, ఏడాదంతా సిద్ధమవుతారు. వీధి పక్కన నిలబడి చూడడానికి మాత్రం అందరూ వెళ్లవచ్చు, టికెట్ లేదు. అక్కడి లెర్విక్ అనే ఊళ్లో జనవరి చివరి మంగళవారం జరుగుతుంది, గాలివాన వచ్చినా వాయిదా వేయరు. రాత్రి వీధి దీపాలు ఆర్పేశాక సుమారు వెయ్యి కాగడాలు కదులుతాయి. చివర కాగడాలన్నీ పడవలోకే విసురుతారు. గాలి వాలున నిలబడితే నిప్పురవ్వలు మీదికొస్తాయి. నైలాన్ జాకెట్‌కు క్షణంలో చిల్లు పడుతుంది, ఉన్ని కోటు మంచిది. మీ ఊరి నుంచి రాత్రి ఓడ పన్నెండు గంటలకు పైగా పడుతుంది. ఓడ, గది చాలా నెలల ముందే దొరకబుచ్చుకోవాలి. మర్నాడు షెట్లాండ్‌లో సెలవు, దుకాణాలు మూసి ఉంటాయి, తిండి ముందే కొనిపెట్టుకోండి. అంత దూరం కుదరకపోతే ఫిబ్రవరిలో యార్క్‌లో జరిగే యోర్విక్ వైకింగ్ ఉత్సవం పిల్లలకు ఇంకా అనువు.

ప్రశ్న: మార్చి 1న, సెయింట్ డేవిడ్స్ డేకి, స్కూలుకు డాఫడిల్ (పసుపు రంగు పువ్వు) పెట్టుకుని రమ్మన్నారు. అసలు పువ్వు కావాలా? ఇంకేమైనా జాగ్రత్త? (కార్డిఫ్ నుంచి)

అసలు పువ్వే కానక్కర్లేదు. గుడ్డతో, కాగితంతో చేసినదైనా సరే, బదులుగా లీక్ (ఉల్లికాడల్లాంటి కూరగాయ) గుర్తు పెట్టుకున్నా, వేల్స్ రక్షక సాధువు పేరిట జరిగే సెయింట్ డేవిడ్స్ డేకి తగినదే. అసలు పువ్వయితే కాడను వేలెడంత ఉంచి, దాని చుట్టూ తడి దూది పెట్టి, పైన అల్యూమినియం రేకుతో చుట్టి పిన్ను పెట్టండి, సాయంత్రం దాకా వాడదు. కాడ నుంచి కారే జిగురు కొందరి చర్మానికి దురద పుట్టిస్తుంది, కోశాక చేతులు కడుక్కోవాలి.

అంతకంటే ముఖ్యమైనది వంటింటి జాగ్రత్త. విచ్చుకోని డాఫడిల్ మొగ్గల కట్ట చూడ్డానికి ఉల్లికాడల్లా, దుంప ఉల్లిపాయలా ఉంటాయి. తింటే వాంతులు, కడుపునొప్పి. పొరపాటున తిన్నవాళ్లు ఉండబట్టే 2015లో ఇంగ్లండ్ ప్రజారోగ్య విభాగం, ఈ పూలను కూరగాయల పక్కన పెట్టవద్దని సూపర్‌మార్కెట్లను కోరింది. ఇంట్లో కూడా ఫ్రిజ్‌లో గానీ, కూరల బుట్టలో గానీ పెట్టకండి. కూజాలో వేరే పూలతో కలపాలంటే ముందు ఒక రోజు విడిగా నీళ్లలో ఉంచి, మళ్లీ కోయకుండా కలపండి. ఆ జిగురు మిగతా పూలను త్వరగా వాడిపోయేలా చేస్తుంది.