మొక్కల తొట్టెకు ఎల్ఈడీ: ముందు టైమర్ కొనండి

ప్రశ్న: మాది పాలకొల్లు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, పదిహేను అంగుళాల ఎత్తున్న చేపల తొట్టెలో వాలిస్నేరియా, అనూబియస్ మొక్కలు వేశాను. రంగులు మారే 12 వాట్ల ఎల్ఈడీ పట్టీని పొద్దున్నే వేసి, రాత్రి పడుకోబోయే ముందు ఆపుతున్నాను. రెండు నెలలకే అద్దానికీ అనూబియస్ ఆకులకూ పచ్చటి పాచి పట్టింది. వెలుగు చాలకే మొక్కలు ఎదగడం లేదని, 30 వాట్ల లైటు కొనమని దుకాణదారు అంటున్నారు. కొనవచ్చా?

జవాబు: ఇప్పుడే కొనవద్దు. మీరు రాసినదాన్ని బట్టి మీ లైటు రోజుకు పద్నాలుగు, పదిహేను గంటలు వెలుగుతోంది. అనూబియస్ సహజంగానే చాలా నెమ్మదిగా ఎదిగే మొక్క కాబట్టి అంత వెలుగును వాడుకోలేదు, ఆ మిగులుతో పాచి పెరుగుతుంది. మేత ఎక్కువై, పైన ఎండ కాస్తే చెరువు నీరు ఎలా పచ్చబడుతుందో భీమవరం వైపు చేపల రైతులకు వేరే చెప్పనక్కరలేదు. మీ తొట్టెలో జరుగుతున్నదీ అదే, కాబట్టి చేపలకు వేసే మేత కూడా కాస్త తగ్గించండి.

వాట్లు లైటు వాడే కరెంటును మాత్రమే చెబుతాయి. ల్యూమెన్లు మన కంటికి కనిపించే వెలుగును కొలుస్తాయి గానీ, మన కన్ను ఆకుపచ్చను ఎక్కువగానూ ఎరుపు, నీలాలను తక్కువగానూ గ్రహిస్తుంది కనుక, మొక్క సంగతి వాటివల్ల పూర్తిగా తెలియదు. కిరణజన్య సంయోగక్రియకు పనికివచ్చే 400 నుంచి 700 నానోమీటర్ల కాంతిని కొలిచే లెక్కను ‘పార్’ అంటారు. పెట్టె మీద ఈ అంకె ఉంటే, దాన్ని లైటుకు ఎంత దూరంలో కొలిచారో తప్పక చూడండి, ఎందుకంటే లైటుకు ఆనించి కొలిచిన అంకె పదిహేను అంగుళాల లోతున ఉన్న మొక్కకు వర్తించదు. మీ తొట్టెలో పట్టేది సుమారు 70 లీటర్లు. కార్బన్ డయాక్సైడ్ విడిగా ఇవ్వకుండా పెంచే ఈ రెండు మొక్కలకు 6500 కెల్విన్ (వెలుగు రంగును చెప్పే కొలత) తెల్లటి వెలుగునిచ్చే, 1000 ల్యూమెన్ల లైటు సరిపోతుంది. రంగులు మారడం చూసేవారి ముచ్చటే తప్ప మొక్కకు ఒరిగేదేమీ లేదు, మీ పట్టీని తెలుపు మీదే ఉంచండి.

మీకు నిజంగా కావలసింది టైమర్. మొదటి మూడు వారాలు ఆరు గంటలు చాలు. ఇంట్లో అందరూ తొట్టెను చూసే వేళ, మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి తొమ్మిది వరకు పెట్టుకోండి; పాచి తగ్గుముఖం పట్టాక ఎనిమిది గంటల వరకు పెంచవచ్చు. ముళ్లు నొక్కి, చక్రం తిప్పి పెట్టే చవక టైమర్ కరెంటు పోయినప్పుడు ఆగిపోతుంది, రెండు గంటలు పోతే మీ వేళలు రెండు గంటలు ఆలస్యమవుతాయి. లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమర్‌కు ఆ బాధ లేదు. ఫోన్‌లో వేళలు పెట్టుకునే వైఫై ప్లగ్గు వాడితే, కరెంటు తిరిగి వచ్చాక ఏ స్థితిలో ఉండాలో చెప్పే సెట్టింగ్‌ను ‘ఆఫ్’లో పెట్టండి. ‘గత స్థితి’ అని వదిలేస్తే, ఎనిమిదిన్నరకు పోయిన కరెంటు పదింటికి వచ్చినప్పుడు లైటు వెలిగి రాత్రంతా అలాగే ఉంటుంది. నా తొట్టెలో ఇలా వారం రోజులు జరిగాక గాని నాకు తెలియలేదు.

లైటు వైరు సాకెట్టు కన్నా కిందికి వంగి, ఆ పైన సాకెట్టులోకి వెళ్లేలా అమర్చండి. వైరు వెంట జారిన నీరు ఆ వంపు దగ్గరే నేలమీద పడిపోతుంది. పాచి బాగా పట్టిన పాత అనూబియస్ ఆకులు మళ్లీ శుభ్రపడవు, వాటిని మొదలంటా కత్తిరించి తీసేయండి. ఆ తరువాత వచ్చే కొత్త ఆకు నెల తిరిగినా నున్నగా ఉంటే, గంటలు సరిగా కుదిరినట్టే.