జంట డేటోనా మిషన్లలో ఒకదాని బొమ్మ చీలుతోందా? ట్యూబ్ మార్చకండి

నల్గొండ తమ్ముడు అడిగింది ఇదీ: మూతపడ్డ గేమింగ్ జోన్ నుంచి సెగా కంపెనీ కారు రేసు ఆట డేటోనా యూఎస్ఏ జంట మిషన్లు కొన్నాడు. ఎడమది మంచిగనే ఉంది, కుడిదాంట్లో బొమ్మ ఏటవాలు గీతలుగా చీలి పరుగెడుతోంది. పిక్చర్ ట్యూబ్ పోయిందన్నాడట మెకానిక్.

ట్యూబ్ ముసలిదైతే బొమ్మ మసకబారుతది, ఇట్లా చీలదు. చీలిందంటే సింక్, అంటే బొమ్మ గీతల్ని వరుసలో నిలిపే సిగ్నల్, దొరుకుతలేదు. మహబూబ్‌నగర్‌ల నేను ఇలాంటి జంటనే బాగుచేసినప్పుడు, అక్కడివాళ్లు ఆట నడిపే బోర్డును ఇంటి టీవీకి తగిలించి చూసి బోర్డే పోయిందన్నారు. సెగా మోడల్ 2 అనే ఈ బోర్డు సెకనుకు దాదాపు 24 వేల గీతలు గీస్తది (24 కిలోహెర్ట్జ్), మన పాత టీవీ 15.6 వేలే. మంచి బోర్డు పెట్టినా అందులో బొమ్మ నిలవదు, అదేం పరీక్ష!

అసలు టెస్టర్ మీ పక్కనే ఉంది, ఎడమ మిషన్. రెండింటి ప్లగ్గులూ పీకి, మానిటర్‌కు పోయే వీడియో కనెక్టర్లు అటుదిటు మార్చండి. చీలిక ఎడమ స్క్రీన్‌కు పోతే లోపం బోర్డుదో వైరుదో. కుడిలోనే ఉంటే మానిటర్‌ది.

మహబూబ్‌నగర్‌ల మాకు చీలిక కుడిలోనే ఉండిపోయింది. మానిటర్ ఛాసిస్ (ట్యూబ్‌ను నడిపే సర్క్యూట్ బోర్డు) తీసి టార్చ్ కింద చూస్తే వీడియో కనెక్టర్ పిన్ను చుట్టూ సోల్డర్‌లో వెంట్రుకంత సన్నటి రింగు. ప్లాస్టిక్ పుల్లతో నొక్కితే బొమ్మ నిలబడేది, వదిలితే మళ్లీ పరుగే. డ్రై సోల్డర్, అంటే పట్టు వదిలిన టాకా. పాత సోల్డర్ పీల్చేసి కొత్తది పెట్టినం, ఐపోయింది.

చెయ్యి పెట్టేముందు ఒకటి: ట్యూబ్ యానోడ్ (రబ్బరు టోపీ కింద వైరు తగిలే చోటు) మీద దాదాపు 25 వేల వోల్టులు, ప్లగ్ పీకినా కొంత నిలిచే ఉంటది. డిశ్చార్జ్ చేయడం రాకపోతే పాత టీవీ మెకానిక్‌ను పిలవండి, దాంట్లో వాళ్లే దిట్ట. జపాన్ కేబినెట్ అయితే 100 వోల్టులది, ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా 230 ఇవ్వద్దు.

అడ్డంగా ఒక్క గీతే వస్తే బొమ్మను పైకీ కిందికీ పరిచే వర్టికల్ సెక్షన్ చూడండి. ఒక రంగు మాయమైతే ట్యూబ్ మెడకు తగిలించిన చిన్న నెక్ బోర్డు. అంచులు అలల్లా ఊగితే ఫిల్టర్ కెపాసిటర్లు, హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతయి, 105 డిగ్రీల వేడి తట్టుకునేవే అడగండి.

ఆట ‘నెట్‌వర్క్ చెకింగ్’ అని చూపి ఆగిపోతే మాత్రం మానిటర్ జోలికి పోవద్దు. అది రెండింటినీ కలిపే ఫైబర్ కేబుల్ సంగతి. ఒక చివర టార్చ్ వేస్తే రెండో చివర వెలుగు రావాలె. రాకపోతే కొత్త కేబుల్ వచ్చేదాకా టెస్ట్ మెనూలో లింక్‌ను సింగిల్‌కు పెట్టి ఆడుకోండి.